బెంగళూరు నుంచి హైదరాబాద్: విమానానికి 455 కిలోమీటర్లు, మిగతాది మన పని

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బెంగళూరులో ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాడు. "అక్కా, హైదరాబాద్‌కి ఫ్లైట్ గంటేగా! శుక్రవారం ఐదింటికి ఆఫీసు నుంచి బయటపడితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాను కదా?" అన్నాడు. పిన్నిని అన్నం వండి ఎదురుచూడమని మాత్రం చెప్పకు నాయనా అన్నాను. పన్నెండేళ్ళ కిందట ఈ ఊరొచ్చిన కొత్తలో నేనూ ఇదే లెక్క వేసుకుని బయల్దేరాను. ఈసీఐఎల్‌లో మా ఇంటి తలుపు కొట్టేసరికి రాత్రి పన్నెండు దాటింది.

వాడికి ఫోన్‌లో చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి రాస్తున్నాను. నెలకో రెణ్ణెల్లకో ఇక్కణ్ణుంచి హైదరాబాద్, విజయవాడ వైపు వెళ్ళొచ్చే వాళ్ళందరిదీ దాదాపు ఇదే గొడవ.

ముందు దూరం సంగతి

రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అని వెతికితే ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. 455 అని ఒకచోట, 500 అని ఇంకోచోట, 570 అని, 610 అని. ఏదీ తప్పు కాదు. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి దారం పట్టి కొలిచినట్టు కొలిస్తే సుమారు 455 కి.మీ. వస్తుంది. విమానాల లెక్కలో చెప్పాలంటే 246 నాటికల్ మైళ్ళు. అదే దారాన్ని బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ నుంచి చార్మినార్ దాకా పట్టుకుంటే దాదాపు 500. రోడ్డు మీద 570 దాకా ఉంటుంది, రైలు పట్టాల మీద 610 దాకా.

మొదటి రెండు అంకెల మధ్య తేడా చూడండి. దేవనహళ్ళి బెంగళూరుకి ఉత్తరాన ఉంది, అంటే హైదరాబాద్ వైపు. శంషాబాద్ హైదరాబాద్‌కి దక్షిణాన ఉంది, అంటే బెంగళూరు వైపు. రెండు ఎయిర్‌పోర్టులూ ఒకదాని వైపు ఒకటి జరిగి కూర్చున్నాయన్నమాట. 2008కి ముందు ఇలా లేదు. అప్పుడు ఇక్కడ హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టులో ఎక్కి అక్కడ బేగంపేటలో దిగేవాళ్ళు. ఆ రెండింటి మధ్య 500 కి.మీ. పైనే. ఆ ఏడాది మార్చిలో శంషాబాద్, మేలో దేవనహళ్ళి మొదలయ్యాయి. దాంతో విమానానికి 50 కి.మీ. దాకా కలిసొచ్చింది, మనకేమో రెండు చివర్లా క్యాబ్ తగిలింది.

ఇంకో చిత్రం ఏమిటంటే రెండు ఎయిర్‌పోర్టులూ ఒకే రోడ్డు పక్కన ఉన్నాయి. అదే 44వ నంబరు జాతీయ రహదారి. హెబ్బాళ్ ఫ్లైఓవర్ దిగి, యలహంక దాటి, సాదహళ్ళి దగ్గరికి క్యాబ్ చేరినప్పుడు పక్క లైన్‌లోకి చూడండి. రాత్రి పూటైతే హైదరాబాద్ బోర్డు పెట్టుకున్న స్లీపర్ బస్సు ఒకటైనా కనిపిస్తుంది. మనం దాని పక్క నుంచే వెళ్ళి, బెల్టు విప్పి, చెప్పులు విప్పి, గాల్లోకి లేచి, మళ్ళీ ఆ రోడ్డు పక్కనే శంషాబాద్‌లో దిగుతాం. మధ్యలో ఉన్న చిక్కబళ్ళాపురం, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు, జడ్చర్ల మాత్రమే మనకి మిగులు. ఊరి ట్రాఫిక్ ఏమీ తప్పదు.

టికెట్ మీది గంటా పదిహేను నిమిషాలు

టికెట్‌లో బెంగళూరు–హైదరాబాద్‌కి గంటా ఐదు నుంచి గంటా ఇరవై నిమిషాల దాకా వేస్తారు. అదంతా గాల్లో ఉండే సమయం అనుకుంటే పొరపాటు. విమానం ఇక్కడి స్టాండు నుంచి కదిలిన క్షణం నుంచి అక్కడి స్టాండులో ఆగేదాకా పట్టే సమయం అది. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అందులో నేల మీద పాకడం, రన్‌వే చివర వంతు కోసం ఆగడం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా నిలబడడం అన్నీ కలిసి ఉంటాయి. గాల్లో ఉండేది 45–50 నిమిషాలే. దేవనహళ్ళిలో 2019 డిసెంబరు నుంచి రెండో రన్‌వే కూడా నడుస్తోంది. అయినా పొద్దున ఆరు, ఏడు మధ్య వరసలో నాలుగైదు విమానాలు మన ముందుంటాయి.

కంపెనీలు ఈ బ్లాక్ టైమ్‌లో కాస్త వదులు కలుపుకునే టైమ్ టేబుల్ వేసుకుంటాయి. అందుకే అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా పది నిమిషాల ఆలస్యంతోనే దిగడం చూస్తుంటాం. అలాంటప్పుడు పైలట్ గట్టిగా తోలాడని నా పక్క సీటాయన ఒకసారి తెగ మెచ్చుకున్నాడు. నేనేమీ అనలేదు.

జెట్ విమానం పైన గంటకి 830 కి.మీ. దాకా పోతుంది కదా, మరి 455 కి.మీ.కి అరగంట చాలాలి కదా అనే లెక్క కూడా కుదరదు. ఇంత దగ్గరి ప్రయాణంలో ఎక్కడం, దిగడంతోనే ఎక్కువ భాగం అయిపోతుంది. పైన సమంగా పోయే టైము చాలా తక్కువ. టీ బండి చివరి వరుసకి చేరేలోపు సీటు బెల్టు లైటు మళ్ళీ వెలుగుతుంది. అందువల్లే దూరంతో పాటు టైము పెరగదు. బెంగళూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు 270 కి.మీ. లోపే, దానికీ గంట వేస్తారు. విశాఖపట్నం 775 కి.మీ. దాకా ఉంటుంది, దానికి గంటన్నర, గంటా నలభై. దూరం దాదాపు మూడింతలు, టైము రెండింతలు కూడా లేదు.

బుక్ చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. అది జెట్టా, ఏటీఆరా అని. రెక్కలకి పంకాలుండే చిన్న విమానం ఏటీఆర్, గంటకి 500 కి.మీ. చుట్టుపక్కల పోతుంది. విజయవాడ ఎయిర్‌పోర్టు గన్నవరంలాంటి 500 కి.మీ. దూరానికి జెట్‌తో పోలిస్తే ఇరవై నిమిషాల పైనే తేడా వస్తుంది. టికెట్ ధర ఒకటే అయినప్పుడు జెట్ తీసుకోండి. కిటికీ సీటు దొరికితే మాత్రం ఏటీఆర్ వేరే అందం. కిందగా పోతుంది, చెరువులు, కొండలు తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు.

ఒక శుక్రవారం, గడియారం పట్టుకుని

మేం ఉండేది సర్జాపూర్ రోడ్డు వైపు, కసవనహళ్ళిలో. ఆ మధ్య ఓ శుక్రవారం నేను నిజంగానే ఫోన్‌లో టైములు రాసుకున్నాను. ఇంటి నుంచి క్యాబ్ కదిలింది 4:45కి. రింగ్ రోడ్డు, మారతహళ్ళి వంతెన, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ్. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర దిగింది 6:50కి. సెక్యూరిటీ దాటేసరికి 7:20. విమానం 8:35ది, కదిలింది 8:40కి, నేల వదిలింది 8:58కి. చక్రాలు శంషాబాద్‌లో నేలకి తగిలింది 9:43కి. బెల్టు మీద నా పెట్టె వచ్చేసరికి 10:10. క్యాబ్ ఎక్కింది 10:25కి. ఈసీఐఎల్‌లో ఇంటి గేటు తీసేసరికి 11:35.

మొత్తం 6 గంటల 50 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది 45 నిమిషాలు.

అదే నేను శనివారం తెల్లవారుజామున 6:10 విమానానికి వెళ్ళినప్పుడు ఇంట్లో 3:45కి బయల్దేరి 8:45కి చేరాను. ఐదు గంటలే. విమానం అదే, దూరం అదే. రోడ్డు ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి. కాబట్టి ఏ కంపెనీ విమానం అని తేల్చుకునే ముందు ఏ టైము విమానం అని తేల్చుకోండి. శుక్రవారం సాయంత్రం ఆరు, తొమ్మిది మధ్య బయల్దేరే విమానాన్ని తూర్పు, దక్షిణ బెంగళూరు వాళ్ళకి నేను సిఫారసు చెయ్యను. టికెట్ కూడా అప్పుడే మండిపోతుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాములకి మాత్రం మినహాయింపు. దేవనహళ్ళిలో పొగమంచు పడుతుంది. దక్షిణం రన్‌వేకి మంచులోనూ దిగగలిగే క్యాట్ త్రీ-బీ ఏర్పాటుంది కానీ విమానానికీ పైలట్‌కీ కూడా ఆ అర్హత ఉండాలి, అవతలి ఊళ్ళో కూడా మంచు ఉండకూడదు. సంక్రాంతి రోజుల్లో గన్నవరం మీద విమానాలు గాల్లో చుట్లు కొట్టడం పేపర్లో ఏటా చదివేదే. ఆ నెలల్లో ఉదయం తొమ్మిది తరవాతి విమానం చూసుకుంటే టెన్షన్ ఉండదు.

బెంగళూరులో మీరు ఎక్కడుంటారు?

అసలు ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. యలహంక, సహకారనగర, హెబ్బాళ్, జక్కూరు వైపు ఉన్నవాళ్ళు ఇది చదవాల్సిన పనే లేదు, విమానం ఎక్కేయండి. మీకు ఎయిర్‌పోర్టు అరగంట, ముప్పావుగంట. హెణ్ణూరు, కమ్మనహళ్ళి, బాణసవాడి వాళ్ళకి హెబ్బాళ్ వైపు తిరగకుండా హెణ్ణూరు–బాగలూరు వెనకదారి ఉంది. రోడ్డు అక్కడక్కడా గతుకులే గానీ సాయంత్రాల్లో అదే నయం. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వాళ్ళకి బూదిగెరె మీదుగా దారుంది. క్యాబ్ డ్రైవర్లు చాలామంది మ్యాప్ చూపించినట్టే హెబ్బాళ్‌కి తీసుకుపోతారు, మీరే ముందు చెప్పాలి.

మారతహళ్ళి, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వాళ్ళది మధ్యస్థం. శనివారం పొద్దున్నే అయితే విమానం, శుక్రవారం సాయంత్రమైతే బస్సు.

ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళ సంగతి వేరు. ఎయిర్‌పోర్టు 55 కి.మీ. పైనే, ఊరంతా అడ్డంగా దాటాలి. సిల్క్ బోర్డు దగ్గర నుంచి మొదలుపెట్టి హెబ్బాళ్ దాకా ఏ ఒక్కచోట ఆగినా విమానం పోయినట్టే. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి క్యాబ్ ఖర్చు కూడా నొప్పే. ఎయిర్‌పోర్టుకి నడిచే బీఎంటీసీ వాయువజ్ర బస్సుల్లో కేఐఏ-8 అక్కణ్ణుంచే ఉంది, మెజెస్టిక్ నుంచి కేఐఏ-9. సామాను పెట్టుకోవడానికి చోటుంటుంది, సీటు బాగుంటుంది, క్యాబ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అయితే బస్సు కూడా ట్రాఫిక్‌లోనే పోతుంది కాబట్టి టైము మాత్రం మిగలదు. ఈ వ్యాసం రాస్తున్నప్పటికి ఎయిర్‌పోర్టుకి మెట్రో లేదు. అది వచ్చిన రోజు ఈ పేరా అంతా కొట్టెయ్యండి.

హైదరాబాద్ చివర కూడా ఇదే లెక్క. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్ వాళ్ళు అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ముప్పావుగంటలో ఇల్లు. అత్తాపూర్, మెహదీపట్నం వాళ్ళకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉండనే ఉంది, 11 కి.మీ. పైగా సిగ్నల్ లేని రోడ్డు. ఉప్పల్, ఈసీఐఎల్, మల్కాజిగిరి, సికింద్రాబాద్ వాళ్ళకే కష్టం. అర్ధరాత్రి దిగితే ఆర్టీసీ వాళ్ళ ఎయిర్‌పోర్టు బస్సు పుష్పక్ టైము ముందే చూసుకోండి, లేకపోతే క్యాబ్ వాడు అడిగినంత.

రెండు చివర్లా ఎయిర్‌పోర్టుకి దగ్గరగా ఉండేవాళ్ళకి, అంటే హెబ్బాళ్‌లో ఉద్యోగం, గచ్చిబౌలిలో ఇల్లు ఉన్నవాళ్ళకి నాలుగు గంటల్లో పని అయిపోతుంది. రెండు చివర్లా దూరమైతే ఏడు గంటలు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి మూడు గంటల తేడా.

బస్సు

రాత్రి బస్సుకి హైదరాబాద్ తొమ్మిది, పది గంటలు. లెక్కకి విమానం కంటే మూడు గంటలు ఎక్కువ, కానీ ఆ గంటలు నిద్రలో పోతాయి. నాకు బస్సులో నిద్ర పడుతుంది. మా ఆయనకి పట్టదు, ఆయన దిగాక ఆ రోజంతా చిరాగ్గా ఉంటాడు. ఆయనకి పది గంటలంటే పది గంటలే. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

ప్రైవేటు బస్సులు మడివాళ, సిల్క్ బోర్డు దగ్గర ఎనిమిదిన్నర, తొమ్మిదికి మొదలై మారతహళ్ళి, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ్ అని జనాన్ని ఎక్కించుకుంటూ ఊరు దాటేసరికి పదకొండవుతుంది. దారి పొడుగునా ఫోన్లు, "అన్నా ఎక్కడున్నారు, ఇంకో ఐదు నిమిషాలు" అని. వీలైతే చివరి పికప్‌లో ఎక్కండి, అప్పటికి ఆ గోల అయిపోతుంది. పొద్దున అవి శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా ఊళ్ళోకొస్తాయి.

ఈ రోడ్డు మీద రాత్రి బస్సంటే నాకు పాలెం గుర్తొస్తుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో మళ్ళీ కర్నూలు దగ్గర, చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న స్లీపర్ బస్సు మంటల్లో చిక్కుకుంది. దీనికి భయపడి బస్సెక్కడం మానెయ్యమని నేను చెప్పను, నేనే మానలేదు. ఎక్కగానే అత్యవసర ద్వారం ఏ వైపుందో, అద్దం పగలగొట్టే సుత్తి తన చోట ఉందో లేదో చూస్తాను. సుత్తి లేకపోతే అడుగుతాను. క్లీనర్ కుర్రాడు ఒకసారి నవ్వాడు కానీ డ్రైవర్ పక్క డబ్బాలోంచి తీసి తెచ్చి పెట్టాడు. వీలైతే తలుపుకి దగ్గరగా ఉన్న బెర్తే అడగండి.

రైలు

నిద్ర పట్టని వాళ్ళకీ, నడుం నొప్పి వాళ్ళకీ, పెద్దవాళ్ళకీ రైలే. కాచిగూడ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. రాజధాని రాత్రి ఎక్కితే పొద్దున్నే సికింద్రాబాద్, ఈసీఐఎల్ వాళ్ళకి విమానం కంటే దగ్గరగా దింపుతుంది. 2023 సెప్టెంబరు 24న మొదలైన వందే భారత్ యశ్వంతపుర నుంచి మధ్యాహ్నం బయల్దేరి ఎనిమిదిన్నర గంటల్లో కాచిగూడ చేరుతుంది. కూర్చునే ప్రయాణం, అర్ధరోజు సెలవు పెట్టాలి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్ళకి అది వరం. హైదరాబాద్ వాళ్ళకి అంతగా కాదు, ఎందుకంటే పగలు పోతుంది, రాత్రి పదకొండు దాటాక దిగుతాం.

రైలుతో చిక్కల్లా టికెట్ దొరకడమే. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. జనవరి 12న ఊరెళ్ళాలంటే నవంబరు 13 పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. అది కుదిరితే సంక్రాంతికి రైలును మించింది లేదు, ఎందుకంటే పండగకి విమానం రేటు ఎగురుతుంది, బస్సు రేటు ఎగురుతుంది, రాజధానిలాంటివి తప్పిస్తే రైలు రేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆంధ్ర వైపు వెళ్ళేవాళ్ళకి

విజయవాడ దగ్గరికొచ్చేసరికి నా సలహా మారిపోతుంది. అక్కడికి విమానమే. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి 500 కి.మీ., జెట్‌లో గంటంబావు. బస్సుకేమో పదకొండు పన్నెండు గంటలు, గుంటూరు మీదుగా పోయే ప్రశాంతి రైలుకి, తిరుపతి మీదుగా పోయే శేషాద్రి రైలుకి అంతకంటే ఎక్కువే. ఇక్కడ క్యాబ్‌లో రెండు గంటలు పోయినా ఐదు గంటలు మిగులుతాయి. గన్నవరం చిన్న ఎయిర్‌పోర్టు, దిగిన పావుగంటకి రోడ్డు మీదుంటాం. విజయవాడ 20 కి.మీ., ఏలూరు 45 దాకా, గుంటూరు 55 దాకా. హైదరాబాద్‌లో దిగి అక్కణ్ణుంచి కారులో విజయవాడ పోదామనే ఆలోచన కొందరికి వస్తుంది, రేటు తక్కువని. శంషాబాద్ నుంచి ఇంకో ఐదు గంటలు రోడ్డు మీద ఉంటారు, వద్దు.

గోదావరి జిల్లాల వాళ్ళు రాజమండ్రి విమానాన్ని కూడా చూడండి. మధురపూడి ఎయిర్‌పోర్టు బెంగళూరు నుంచి 620 కి.మీ. దాకా, గాల్లో ఓ పావుగంట ఎక్కువ, అంతే. కాకినాడ, అమలాపురం, రావులపాలెం వాళ్ళకి అదే దారి. భీమవరం వాళ్ళకి గన్నవరమైనా మధురపూడైనా రోడ్డు కాస్త అటూ ఇటుగా ఒకటే, ఆ రోజు ఏది చవకైతే అది. విశాఖకి రైల్లో ఇరవై గంటల దాకా పడుతుంది, మరో మాటే లేదు.

తిరుపతికి మాత్రం విమానం ఎక్కకండి. గీత గీస్తే 205 కి.మీ., రోడ్డు మీద 250. కేఆర్ పురంలో బస్సెక్కి హొసకోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా ఐదారు గంటల్లో తిరుపతిలో దిగుతారు. రేణిగుంట విమానం కోసం మీరు తూర్పుకి పోవడానికి ముందు ఉత్తరానికి పోవాలి. చెన్నై కూడా అంతే. శతాబ్ది, వందే భారత్ నాలుగున్నర, ఐదు గంటల్లో సెంట్రల్‌లో దింపుతాయి. అనంతపురం, కడప, హిందూపురం వాళ్ళు నన్నడగక్కర్లేదు.

సామాను, ఆవకాయ, గేటు మూసే టైము

దేశీయ విమానంలో మామూలు టికెట్ మీద పెట్టె 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. బెంగళూరు నుంచి వెళ్ళేటప్పుడు ఇది చాలు. తిరిగొచ్చేటప్పుడే అసలు పరీక్ష. మా అమ్మ ఆవకాయ సీసాకి ముందు పాలిథీన్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు, దాని మీద మూత, మూత చుట్టూ సెల్లో టేపు, ఆపైన పాత తువ్వాలు చుడుతుంది. అలా చుట్టినదాన్ని నేను చేతి సంచిలో పెట్టుకుని ఒకసారి చెకింగ్ దగ్గర వదిలేసి వచ్చాను. పచ్చళ్ళు, నెయ్యి డబ్బా పెట్టెలోనే పెట్టాలి. ఎండు కొబ్బరి అయితే పెట్టెలోనూ ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువు కింద లెక్క. బియ్యం మూట, కంది పప్పు, అరిసెల డబ్బా, అమ్మ ఇచ్చిన కుక్కరు ఉంటే బస్సే మేలు, ఎవరూ తూకం వెయ్యరు.

పెట్టె ఇచ్చే కౌంటర్లు సాధారణంగా గంట ముందు మూస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. ఓ వాన రోజు నేను కౌంటర్ దగ్గరికి చేరేసరికి మూసి నాలుగు నిమిషాలైంది. విమానం ఎదురుగా అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూ "క్లోజ్ అయిపోయింది మేడమ్" అంది, అంతే. టికెట్ డబ్బులు పోయాయని ఊరుకున్నాను. మనం ఎక్కకపోయినా టికెట్‌లోని పన్నులు, ఎయిర్‌పోర్టు వాడకం రుసుము తిరిగి ఇవ్వాలని నియమం ఉందని తరవాత తెలిసింది. ఛార్జీ తక్కువగా ఉన్న టికెట్లలో ఆ భాగమే పెద్దది. వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి అడగండి, వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇవ్వరు.

తప్పు వాళ్ళదైతే ఇంకో లెక్క. రెండు గంటలు దాటి ఆలస్యమైతే తినడానికి ఏదైనా ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, మొత్తం డబ్బు వాపసో మనమే ఎంచుకోవచ్చు. ముందు చెప్పకుండా రద్దు చేస్తే విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం పరిహారం కూడా ఉంది, అదీ బ్లాక్ టైమ్‌ని బట్టే. గంట లోపు విమానానికి రూ. 5,000, గంట నుంచి రెండు గంటల విమానానికి రూ. 7,500, లేదా టికెట్ మూల ధరా ఇంధన ఛార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది. హైదరాబాద్ విమానానికి గంటా ఐదు నిమిషాలని రాసుకున్నారు కాబట్టి రెండో వరసలోకి వస్తుంది. వాన, మంచు వల్ల రద్దయితే ఈ పరిహారం వర్తించదు.

తిరుగు ప్రయాణం

వెళ్ళేటప్పుడు వేసిన లెక్క వచ్చేటప్పుడు పనికిరాదు. సోమవారం పొద్దున ఆరింటి విమానానికి శంషాబాద్‌లో ఎక్కితే ఏడుంబావుకి దేవనహళ్ళి. బాగానే ఉందనిపిస్తుంది. పెట్టె తీసుకుని రోడ్డు మీదికొచ్చేసరికి ఎనిమిది, సరిగ్గా బెంగళూరు అంతా రోడ్డెక్కే టైము. మారతహళ్ళి చేరేసరికి పది. పైగా దాని కోసం ఈసీఐఎల్‌లో రెండున్నరకి లేవాలి. ఆదివారం రాత్రి బస్సయితే అదే హెబ్బాళ్ మీదుగా ఆరు, ఆరున్నరకి ఊళ్ళోకొస్తుంది, ఇంకా రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఇంటికొచ్చి స్నానం చేసి, ఫిల్టర్ కాఫీ తాగి, తొమ్మిదింటి మీటింగ్‌లో కూర్చోవచ్చు.

అందుకే ఇప్పుడు నేను వెళ్ళేది శనివారం తెల్లవారుజాము విమానంలో, వచ్చేది ఆదివారం రాత్రి బస్సులో. పిన్ని కొడుక్కి కూడా అదే చెప్పాను. శుక్రవారం రాత్రి ఇంట్లో భోజనం కుదరదని వాడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు కానీ శనివారం ఆరింటి విమానం బుక్ చేశాడు. వచ్చేటప్పుడు పిన్ని ఏం ఇచ్చి పంపుతుందో నాకు తెలుసు కాబట్టి మా ఇంటికి కూడా ఒక సీసా తెమ్మన్నాను. బస్సేగా.